లక్ష్య ప్రేక్షకులు: ఒక్కరు

నా మోకాళ్ళ సంగతి ముందే చెప్పేస్తాను. లేకపోతే ఆ రోజు నాకంత కోపం ఎందుకొచ్చిందో ఎవరికీ అర్థం కాదు. కుడి మోకాలు పదేళ్ళుగా నొప్పి. ఎడమది దానికి తోడు ఉండాలనుకుందో ఏమో, మొన్నీమధ్యే మొదలుపెట్టింది. అలాంటి నన్ను ఐదో అంతస్తులో ఉన్న కాలేజీకి ప్రాజెక్టులకు మార్కులు వెయ్యమని పిలిచారు. “లిఫ్టుంది మేడం, హాయిగా రావచ్చు” అని నెల కిందట అక్కడి వీడియో విభాగం హెడ్డు ఫోన్‌లో నాలుగుసార్లు చెప్పాడు. తీరా వెళ్ళి చూస్తే లిఫ్టు తలుపు మీద పసుపుపచ్చ అట్ట అతికించి ఉంది. “లిఫ్టు ఆగింది. మెట్లు ఎక్కండి” అని నల్లటి లావుపాటి అక్షరాలు, పక్కన స్పానర్ బొమ్మ.

ఎక్కాను. రెండో అంతస్తులో హెడ్డుని తిట్టుకున్నాను. మూడో అంతస్తులో లిఫ్టులు చేసేవాళ్ళని, నాలుగో అంతస్తులో ఈ పనికి ఒప్పుకున్న నన్ను నేనే తిట్టుకున్నాను. ఐదో అంతస్తుకి చేరేసరికి తిట్టడానికి ఊపిరి మిగల్లేదు. అక్కడా లిఫ్టు తలుపు మీద అదే అట్ట. దాని మీదే చెయ్యి ఆనించి రొప్పుతూ నిలబడ్డాను. ముక్కుకి జానెడు దూరంలో ఉంది కాబట్టి దాని అడుగున చీమ తలకాయంత అక్షరాలు కనిపించాయి. “పైన పాట ఉంది. నిడివి మూడు నిమిషాల పన్నెండు సెకన్లు. ఒక్కసారి చూడండి.”

ఇదేం చోద్యం అనుకుంటుండగానే గంట మోగి, అట్టతో సహా తలుపు పక్కకి జరిగింది. లోపలి నుంచి అటెండరు టీ ఫ్లాస్కుతో నింపాదిగా బయటికొచ్చాడు.

“ఇది పనిచేస్తోందా?” అన్నాను.

“పనిచెయ్యకేం మేడం. నేను రోజూ ఎక్కుతూనే ఉన్నా.”

“మరి ఈ బోర్డు?”

“బోర్డు కాదు మేడం. పిల్లలెవరో పాట తీశారట, దానికి పోస్టరు.”

“ఆ ముక్క ఎవరికీ చెప్పలేదా?”

“నన్నెవరూ అడగలేదు” అని ఆయన ఫ్లాస్కు ఊపుకుంటూ వెళ్ళిపోయాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

హెడ్డు తన గదిలో బల్ల మీద మార్కుల పత్రాలు అంచులు కలిపి సర్దుకుంటున్నాడు. సన్నగా, పొడుగ్గా, చొక్కా గుండీ గొంతుదాకా పెట్టుకుని ఉంటాడు. ఆయన జీవితంలో నమ్మేది పత్రాల్ని, పత్రాల్లో ఉండే గడుల్ని. గడి నిండితే పని అయినట్టు. గడి ఖాళీగా ఉంటే రాత్రి నిద్రపట్టదని ఆయన భార్యే ఒకసారి నాతో చెప్పింది.

“క్షమించండి మేడం, లిఫ్టు పాడై పదిహేను రోజులైంది” అన్నాడు. “నేనూ ఎక్కి దిగుతూనే ఉన్నాను. ఈ రోజు పొద్దున ఇక లాభం లేదని కంపెనీకి ఫోన్ చేశాను. మనిషి వస్తున్నాడు.”

“లిఫ్టు బంగారంలా ఉంది. మీరు పదిహేను రోజులుగా ఎక్కింది ఒక పోస్టరు చూసి” అన్నాను.

ఆయన పెన్ను తీసి, చేతిలో ఉన్న మార్కుల పత్రం వెనక లెక్క వేసుకున్నాడు. రోజుకి నాలుగుసార్లు, ఒక్కోసారికి తొంభై ఆరు మెట్లు. గుణించి వచ్చిన సంఖ్య చూసి గట్టిగా ఊపిరి వదిలాడు. “ఇకమీదట ఈ భవనంలో ఏ బోర్డునీ నమ్మను. ఒట్టు” అన్నాడు. ఆ ఒట్టు సాయంత్రానికి ఏం తెచ్చిపెట్టిందో తర్వాత చెప్తాను.

ఆ రోజు చూడాల్సినవి ఆరు ప్రాజెక్టులు. ఒక్కో ప్రాజెక్టులో ఒక పాట వీడియో, దానికి ప్రచార సామగ్రి మూడు రకాలు: పోస్టరు, కరపత్రం, ఆల్బం అట్ట. మార్కుల పత్రంలో పద్నాలుగు గడులు. అన్నిట్లోకీ పదమూడోది ప్రాణాంతకం. “లక్ష్య ప్రేక్షకులు వీడియో చూసి, సంతకంతో అభిప్రాయ పత్రం ఇచ్చిరా?” అని ఉంటుంది. ఇవ్వకపోతే మిగతా గడుల్లో ఎన్ని మార్కులొచ్చినా ప్రాజెక్టు మొత్తం సున్నా, ఏడాది పోయినట్టే. ఇంకో నియమం కూడా ఉంది. సాయంత్రం ఐదు గంటలకి హెడ్డు మార్కుల రిజిస్టరు చంకన పెట్టుకుని కింద ఆఫీసుకి తీసుకెళ్తాడు. రిజిస్టరు ఆ అంతస్తు దాటిందంటే మూల్యాంకనం ముగిసినట్టు. ఆ తర్వాత ఎవరు ఏడ్చినా దాన్ని తెరవరు.

మొదటి ఐదూ చూశాం. ఒక్క మాటలో చెప్పాలంటే, ఐదింట్లోనూ వాన పడింది. ఐదింట్లోనూ ఒకమ్మాయి జుట్టు ఎగరేసుకుంటూ మెల్లిగా వెనక్కి తిరిగింది. రెండింట్లో అదే అమ్మాయి. పోస్టర్లన్నిట్లోనూ సగం మొహాలే. మిగతా సగం ఏమైందని ఒక కుర్రాణ్ణి అడిగితే “మిస్టరీ మేడం” అన్నాడు. లక్ష్య ప్రేక్షకులు “పదిహేను నుంచి ఇరవై ఐదేళ్ళ యువతీయువకులు” అని రాసి, పక్క బెంచీవాళ్ళతో సంతకాలు పెట్టించుకొచ్చారు. అరవై రెండు, అరవై, యాభై ఎనిమిది అలా వేసుకుంటూ పోయాను. పాతికేళ్ళ నా సర్వీసులో డెబ్బై ఒకటి దాటించింది లేదు, నా పేరు చెబితే పిల్లలు హడలి చస్తారు. అది నాకు కొంచెం గర్వంగా కూడా ఉంటుంది, దాచుకోవడం దేనికి.

ఆరో ప్రాజెక్టుకి ఒక్కతే అమ్మాయి. పొట్టిగా, గట్టిగా, చేతులు మడత పెట్టిన చొక్కాతో వచ్చి నిలబడింది. క్లాసులో అందరూ స్పానర్ అంటారట. తండ్రి లిఫ్టు మెకానిక్కు. పిల్ల మాట కూడా బిగించినట్టే ఉంటుంది.

“పోస్టరు నీదేనా?” అన్నాను మోకాలు రుద్దుకుంటూ.

“నాదేనండి.”

“నీ పోస్టరు వల్ల తొంభై ఆరు మెట్లెక్కాను.”

“సారీ మేడం. అది మీ కోసం పెట్టింది కాదు” అంది. నన్ను అంత మర్యాదగా ఎవరూ అంత మాట అనలేదు.

హెడ్డు ఆమె ప్రతిపాదన పత్రం తీసి గట్టిగా చదవడం మొదలుపెట్టాడు. “లక్ష్య ప్రేక్షకులు: ఒక్కరు. వయసు: యాభై మూడు. వృత్తి: లిఫ్టు మెకానిక్కు. ఇష్టాలు: నిశ్శబ్దం. అలవాట్లు: ఏది చూపించినా ‘చూస్తాలే’ అంటారు. చూడరు.” చదువుతున్నకొద్దీ ఆయన గొంతు సన్నబడిపోయింది. కింద ఆమోదిస్తూ సంతకం ఉంది, ఎనిమిది నెలల నాటిది. సంతకం ఆయనదే.

“మీరు చదవకుండానే పెట్టారా?” అన్నాను.

“గడులన్నీ నిండి ఉన్నాయి మేడం” అన్నాడు పాపం.

“ఒక్క మనిషి కోసం పోస్టరేంటమ్మా? నిన్నెవరైనా అడ్డుకోలేదా?” అని పిల్లని అడిగాను.

“పోస్టరు ఎవరి కోసమో తెలియకుండా చెయ్యకూడదని సారే చెప్పారు. నాకు తెలుసు ఎవరి కోసమో” అంది. “మొదటేడు ఫొటోలు తీశాను మేడం. నాన్న చూస్తాలే అన్నారు. రెండో ఏడు చిన్న సినిమా తీశాను. ఫోన్‌లో పెట్టి ఆయన ముందు బల్ల మీద ఉంచాను. చూస్తాలే అన్నారు. పొద్దున లేచి చూస్తే ఫోన్ మీద టీ గ్లాసు పెట్టి ఉంది.”

“కూర్చోబెట్టి చూపించకపోయావా?”

“ఆయన కూర్చోరండి. ఇంట్లో ఎప్పుడూ ఏదో ఒకటి విప్పుతూనే ఉంటారు. దేన్నయినా పాడైతేనే చూస్తారు. మిక్సీ పాడైతే రెండు గంటలు చూశారు. నేను పాడవలేదు కదా.”

ఈ చివరి మాట నవ్వుతూనే అంది. హెడ్డు కూడా నవ్వాడు. నాకెందుకో నవ్వు రాలేదు.

ఆమె ప్రచారం ఎలా నడిచిందో చెబుతుంటే మాత్రం నోరు వెళ్ళబెట్టి వినాల్సి వచ్చింది. కరపత్రం అచ్చం లిఫ్టు సర్వీసు కార్డులా చేసి, తండ్రి తిరిగే పదకొండు భవనాల్లోనూ లిఫ్టు మోటారు ఉండే గదుల్లో అంటించిందట. మోటారు గదిలో అనవసరపు కాగితాలు ఉండకూడదని ఆయన పదకొండూ పీకి, ఇంటికి తెచ్చి చక్కగా కట్ట కట్టి పెట్టాడు. చదవలేదు. ఆల్బం అట్ట ఆయన పనిముట్ల సంచిలో పెడితే అందులో మేకులు చుట్టుకున్నాడు. ఇక మిగిలింది పోస్టరు. ఆయన చదువు కళ్ళద్దాలు ఫిర్యాదు వచ్చినప్పుడే పెట్టుకుంటాడు. అందుకని ఫిర్యాదు వచ్చేలాంటి పోస్టరు చేసింది.

“నేను రెండు రోజుల్లో సారు కంపెనీకి ఫోన్ చేస్తారనుకున్నా. ఈ కాలేజీ లిఫ్టు చూసేది నాన్నే” అంది. “సారు ఎవరితోనూ గొడవ పెట్టుకోరు కదా. పదిహేను రోజులు ఎక్కారు.”

హెడ్డు మొహం ఎర్రబడింది. “ఇది నిర్వాకమా, చదువా?” అని గొణిగాడు. కానీ మనిషి మెత్తన. అభిప్రాయ పత్రం తీసి ఆమె ముందు పెట్టి, “ఐదు లోపు సంతకం రాకపోతే నేనేం చెయ్యలేనమ్మా, సున్నా” అన్నాడు. అది ఆయన నిజంగానే చెయ్యలేడు. పిల్ల తలూపి తలుపు వైపు చూస్తూ కూర్చుంది. బిగించినట్టుండే ఆ పిల్ల కాలు మాత్రం బల్ల కింద ఒకటే ఆడుతోంది.

మూడున్నరకి తలుపు తోసుకుని ఒకాయన వచ్చాడు. చెవి వెనక పెన్సిలు, భుజాన సంచి, మెళ్ళో దారానికి వేలాడే కళ్ళద్దాలు. చేతిలో పీకిన పసుపు అట్ట.

“ఈ బోర్డు పెట్టిందెవరు?” అన్నాడు. “కింద నుంచి పైదాకా చూశాను. లిఫ్టుకి ఏ రోగమూ లేదు. అసలు ఇది మా కంపెనీ బోర్డే కాదు. మా బోర్డు మీద తారీఖు ఉంటుంది. తారీఖు లేని బోర్డు...” అంటూ గదంతా చూసి, కూతుర్ని చూసి ఆగిపోయాడు. “నువ్వేంటే ఇక్కడ?”

“నేను చదివేది ఇక్కడే నాన్నా.”

“అవును కదూ” అన్నాడు. అట్ట తిప్పి చూశాడు. ఫిర్యాదు మీద వచ్చాడు కాబట్టి కళ్ళద్దాలు పెట్టుకునే ఉన్నాడు. అడుగున ఉన్న చిన్న అక్షరాలు పెదాలు కదుపుతూ చదివాడు. ఆ పిల్ల ఊపిరి బిగబట్టింది. నేనూ బిగబట్టాను, ఎందుకో మరి.

“పాటా? సరే, ఇంటికెళ్ళాక చూస్తాలే. డ్యూటీలో ఉన్నా” అని అట్ట బల్ల మీద పెట్టి వెనక్కి తిరిగాడు.

ఆ “చూస్తాలే” వినేసరికి నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. తొంభై ఆరు మెట్ల కోపం ఎవరి మీదా చూపించకుండా పొద్దుటి నుంచి దాచుకున్నాను కదా, ఇప్పుడు బయటికి తీశాను.

“ఆగండి. మీరు ఫిర్యాదు మీద వచ్చారా లేదా?”

“వచ్చానండి.”

“ఫిర్యాదు తీరిందా?”

“అక్కడ లోపం ఏదీ లేదు మేడం.”

“లోపం ఉంది. మీ ఫిర్యాదుల పుస్తకం ఇలా ఇవ్వండి, నేను రాసిస్తాను” అన్నాను. ఆయన అనుమానంగా చూస్తూనే సంచిలోంచి కార్బన్ కాగితం పెట్టిన పుస్తకం తీసి ఇచ్చాడు. కస్టమరు రాస్తానంటే ఇవ్వకపోవడం ఆయనకి చేతకాదు. వస్తువు పేరు అన్న చోట “పాట” అని రాశాను. ఫిర్యాదు అన్న చోట “చూడబడలేదు” అని రాశాను. ఎన్నాళ్ళుగా అని ఉంది. పిల్ల వైపు చూశాను.

“మూడేళ్ళుగా” అంది.

అదీ రాసి చేతికిచ్చాను. హెడ్డు నా చెవి దగ్గరికొచ్చి “మేడం, ఇలాంటిది నియమాల్లో ఉందా?” అని గుసగుసలాడాడు. “మీ నియమాల్లో లేదు, ఆయన నియమాల్లో ఉంది” అన్నాను. మెకానిక్కు పుస్తకం రెండుసార్లు చదువుకున్నాడు. తల గోక్కున్నాడు. రాసి ఉన్న ఫిర్యాదుని వదిలేసి వెళ్ళడం ముప్పై ఏళ్ళలో ఆయన ఎరగడు. “ఎక్కడుంది ఆ పాట?” అన్నాడు. సంచి దించి తెర ముందు నిలబడ్డాడు. కుర్చీ వేస్తే వద్దన్నాడు.

పాట మొదలైంది. వాన లేదు. జుట్టు ఎగరెయ్యడం లేదు. లిఫ్టు మోటారు మూలుగు, తలుపు గంట, తాడు చక్రం మీద జారే చప్పుడు, వాటినే తాళంగా కట్టింది. దాని మీద పిల్ల తన గొంతుతోనే పాడింది. పెద్ద గొంతేం కాదు, కానీ తప్పు పలకదు. పాటలో ఒక మనిషి రోజూ అందర్నీ పైకి చేరుస్తాడు, తను మాత్రం మధ్యలోనే పని చేస్తుంటాడు, అంతే. తెర మీద మనుషులెవరూ లేరు. గ్రీజు పూసుకున్న రెండు చేతులు, చక్రాలు, చీకటి గొయ్యిలోకి దిగే తాళ్ళు. ఆయన చేతులు తియ్యనివ్వడు కాబట్టి తన చేతులకే గ్రీజు పూసుకుందట.

రెండో నిమిషంలో ఆయన చెయ్యెత్తాడు. “ఆపు. వెనక్కి పోనీ.”

వెనక్కి పోనిచ్చింది. ఆయన తెరకి దగ్గరగా వెళ్ళి, సంచిలోంచి టార్చి తీసి తెర మీదికే వేసి చూశాడు. టార్చి వేస్తే తెర ఇంకా కనిపించదని ఎవరం చెప్పలేదు.

“ఆ చెయ్యి ఎవరిది?”

“నాది.”

“కదిలే తాడు దగ్గర పెట్టావా?” గొంతు మారిపోయింది.

“లేదు నాన్నా. లిఫ్టు ఆపించే తీశాను. కదిలింది కెమెరా.”

“ఊఁ” అన్నాడు. టార్చి ఆర్పాడు. మళ్ళీ వెలిగించాడు. “మరి ఇదేంటి? కేబిన్ పైకి పోతోంది. దానికి ఎదురు తూగే బరువు దిమ్మ కూడా పైకే పోతోంది. రెండూ పైకెలా పోతాయి? ఒకటి ఎక్కుతుంటే రెండోది దిగాలి. ఏ లిఫ్టయినా అంతే.”

పిల్ల నాలిక కరుచుకుంది. రాగం పైకి పోతోందని, దిమ్మ దిగుతున్న ముక్కని తిరగేసి పెట్టిందట. ఎనిమిది నెలల్లో ఆ సంగతి ఎవరికీ తట్టలేదు. నాకూ తట్టేది కాదు. ప్రపంచంలో దాన్ని పట్టుకోగలిగిన ప్రేక్షకుడు బహుశా ఈయనొక్కడే, ఆ ఒక్కడి కోసమే తీసింది.

హెడ్డు గడియారం చూసుకున్నాడు, నాలుగు కొట్టింది. అభిప్రాయ పత్రం ఆయన ముందు పెట్టి, పెన్ను మూత కూడా తీసి ఇచ్చాడు. “ఇక్కడొక సంతకం పెట్టెయ్యండి, చాలు.”

“పెట్టను సార్” అన్నాడు మెకానిక్కు.

“అదేంటి?”

“తప్పున్న దాని మీద నేను సంతకం పెట్టను. సరి చేశాక పెడతా.”

“మీ అమ్మాయి ఏడాది పోతుందండీ బాబూ!”

“మా అమ్మాయని పెట్టేస్తే ఎలా సార్? రేపు దాన్ని పదిమంది చూస్తారు. రెండూ పైకి పోవడం చూసి, వీళ్ళ నాన్న ఏం మెకానిక్కని నవ్వరా?”

నేను పిల్ల వైపు చూశాను. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవడమా? మొహం ఇంత చేసుకుని వెలిగిపోతోంది. “చూశారా మేడం, తప్పు పట్టుకున్నారు” అని నా చెయ్యి గిల్లినంత పని చేసింది. “నాన్న నాదొకటి చూసి తప్పు పట్టారు!” పిచ్చిదానివా అమ్మా, సున్నా వస్తుంది అన్నాను. వినిపించుకుంటేగా. తండ్రిని రెక్క పట్టుకుని పక్కనున్న కంప్యూటర్ల గదికి లాక్కెళ్ళింది. నేనూ కుంటుకుంటూ వెంట వెళ్ళాను. హెడ్డు మాత్రం తన గదిలోనే ఉండిపోయి రిజిస్టరులో మిగతా ఐదుగురి మార్కులు ఎక్కించుకున్నాడు.

ముక్క తిరగేసింది తిన్నగా పెట్టడం రెండు నిమిషాల పని. కానీ అప్పుడు రాగం పైకి, దిమ్మ కిందికి. పిల్లకి నచ్చలేదు. తండ్రి వెనకాల నిలబడి టార్చి పట్టుకుని, “కేబిన్ ముక్క కొంచెం ముందు పెట్టు. ముందు అది కదలనీ. అప్పుడు దిమ్మ. నిజంగా కూడా అంతే, మనకి ముందు కేబినే తెలుస్తుంది” అన్నాడు. పెట్టింది. సరిపోయింది. ఆ సరిపోవడం నా కళ్ళతో చూశాను కాబట్టి చెబుతున్నా, పాట ఉన్నదానికి రెండింతలైంది. ఇద్దరూ ఒక్కసారే “ఆఁ” అన్నారు. ఆ మీదట ఆ కాలేజీ కంప్యూటరు కొత్త వీడియోని తయారుచేసి బయటికి ఇవ్వడానికి నలభై ఐదు నిమిషాలు పడుతుందని తెర మీద చూపించింది. అప్పటికి టైము నాలుగూ ఇరవై ఐదు.

నలభై ఐదు నిమిషాలూ ముగ్గురం ఒక పచ్చగీత ఎడమ నుంచి కుడికి పాకడం చూస్తూ కూర్చున్నాం. అంటే నేనూ పిల్లా కూర్చున్నాం, ఆయన నిలబడ్డాడు. మధ్యలో “మొదటేడు ఏవో ఫొటోలు చూడమన్నావు, అవేంటి?” అన్నాడు. “మెట్లు నాన్నా. అందరూ లిఫ్టెక్కుతుంటే ఖాళీగా ఉండే మెట్లు.” “ఓహో” అన్నాడు. పచ్చగీత మీంచి చూపు తిప్పకుండానే, “అవి ఇంకా ఉన్నాయా?” అన్నాడు. ఉన్నాయంది.

సరిగ్గా ఐదింటికి హెడ్డు రిజిస్టరు చంకన పెట్టుకుని కారిడార్లోకి వచ్చాడు. గదిలోకి తొంగి చూసి, “క్షమించమ్మా, నియమం నియమమే” అన్నాడు, నిజంగానే బాధగా. లిఫ్టు వైపు నడిచాడు. పరుగెత్తి ఆపుదామంటే నా మోకాళ్ళు లేవలేదు. పచ్చగీత ఇంకా పాకుతూనే ఉంది. పిల్ల మొహంలో వెలుగు అప్పుడు పోయింది.

అంతలో లిఫ్టు తలుపు మూసుకున్న చప్పుడు వినిపించింది. తర్వాత ఏ చప్పుడూ లేదు. తర్వాత తలుపు లోపలి నుంచి దబదబా బాదిన చప్పుడు.

“ఎవరండీ అక్కడ? ఇది కదలట్లేదు!”

“ఎలా కదులుతుంది సార్?” అని మెకానిక్కు ఉన్నచోటి నుంచే కేకేశాడు. “చూడ్డానికి వచ్చినప్పుడే ఆపి పెట్టాను, పని ఇంకా అవలేదు. తలుపు మీద బోర్డు పెట్టాను కదా!”

“అది పోస్టరు అనుకున్నా!”

“పోస్టరు నేను పీకేశాను. అది మా బోర్డు. తారీఖు కూడా ఉంది, చూసుకోలేదా?”

లోపల రెండు దగ్గులు వినిపించాయి. తారీఖు చూసుకోలేదని అర్థమైంది. నేను నవ్వు ఆపుకోలేక పమిట కొంగు నోట్లో కుక్కుకున్నాను.

“తీస్తారా లేదా?” అని హెడ్డు అరిచాడు.

“ఫ్యానూ లైటూ ఉన్నాయి సార్, కంగారు పడకండి. ఒక ఫిర్యాదు మధ్యలో వదిలి ఇంకోటి ముట్టుకోను. ఇది అయిపోగానే వచ్చేస్తా.”

నాకు అప్పుడు తట్టింది. మోకాళ్ళని మందలించి లేచి, లిఫ్టు దగ్గరికెళ్ళి తలుపుకి నోరానించాను. “హెడ్డు గారూ, రిజిస్టరు మీ దగ్గరే ఉందా?”

“ఉంది మేడం. నాతోనే ఉంది. మూల్యాంకనం ముగిసింది.”

“లిఫ్టు ఏ అంతస్తులో ఉంది?”

అబద్ధం చెప్పే మనిషి కాదు. “ఐదులోనే ఉంది” అన్నాడు చివరికి.

“రిజిస్టరు అంతస్తు దాటిందా మరి?”

“...దాటలేదు మేడం.”

“అయితే ముగియలేదు” అన్నాను. “నియమం నియమమే” అని కూడా అన్నాను, అనకుండా ఉండలేక.

ఐదూ పదికి పచ్చగీత ఆ చివరకి చేరింది. మొదటి నుంచి పెట్టింది. ఆయన ఈసారి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఆ పిల్ల నా వైపు చూసింది, కూర్చున్నారు మేడం అన్నట్టు. కేబిన్ ఎక్కింది, దిమ్మ దిగింది. పాట అయిపోయింది. “ఇంకోసారి” అన్నాడు. అయిపోయింది. “ఇంకోసారి పెట్టమ్మా.” మూడోసారి అయ్యాక కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో చాలాసేపు తుడిచాడు. అద్దాల మీద మచ్చేమీ లేదు.

అభిప్రాయ పత్రం తీసుకుని సంతకం పెట్టాడు, కింద తారీఖు వేశాడు. పదమూడో గడి నిండింది. హెడ్డు చూసి ఉంటే ఆనందించేవాడు. పద్నాలుగో గడి నాది. “ప్రచార సామగ్రి లక్ష్య ప్రేక్షకుల్లో ఎంత శాతం మందిని రప్పించినది?” మొదటి ఐదు ప్రాజెక్టులకీ రెండు, మూడు అని వేశాను. ఇక్కడ నూరు వేశాను. ఇంకేం వెయ్యమంటారు? ఆ గడికున్న పూర్తి మార్కులూ కలిపి కూడితే మొత్తం తొంభై నాలుగు వచ్చింది. పాతికేళ్ళ పేరు ఆ పూట మంటగలిసింది. మళ్ళీ కూడి చూశాను, అంతే వచ్చింది.

“సార్ని తీస్తా” అని ఆయన లేచాడు. లేచి, మళ్ళీ కూర్చున్నాడు. “ఉండండి, నా పుస్తకం పూర్తవ్వలేదు.” చెవి వెనక పెన్సిలు తీసి, నేను రాసిన ఫిర్యాదు కింద మెల్లిగా, ఒత్తి ఒత్తి రాశాడు. ఆయన భుజం మీద నుంచి చదివాను, తప్పే, కానీ చదివాను. లోపం అన్న చోట “నాది” అని రాశాడు. చేసిన పని అన్న చోట “చూశాను. నాలుగుసార్లు. ఫొటోలు చూడాలి. సినిమా చూడాలి” అని రాశాడు.

పుస్తకం తిప్పి కూతురి ముందు పెట్టాడు. “కస్టమరు సంతకం” అన్నాడు. తల ఎత్తలేదు.

పొద్దుటి నుంచి నాకూ హెడ్డుకీ నదురూ బెదురూ లేకుండా జవాబులు చెప్పిన పిల్ల, పెన్సిలు పట్టుకుని అలాగే ఉండిపోయింది. పేజీ మీద ఒక చుక్క పడింది, ఇంకోటి పడింది. అరచేత్తో తుడవబోతే రాత కాస్త అలుక్కుపోయింది. లిఫ్టులోంచి హెడ్డు “అయిందాండీ?” అని అడుగుతున్నాడు. చివరికి పిల్ల వంకరటింకరగా సంతకం పెట్టింది.

ఆయన చూశాడు. “తారీఖు కూడా వెయ్యమ్మా” అన్నాడు. “తారీఖు లేకపోతే లెక్కలోకి రాదు.”

వేసింది.